మన శిస్తుతో ఎగిరిన స్పిట్‌ఫైర్

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆకాశాన్ని కాపాడిన ఫైటర్ దళాల్లో రెండింటికి హైదరాబాద్ పేరుంది. ఆ పేరు వెనక నిజాం ఉన్నాడని చాలామందికి తెలుసు. నిజాం ఖజానా వెనక సదాశివనగర్ లాంటి ఊళ్లున్నాయన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు.

1940 ఆగస్టు 8. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని డోర్సెట్‌లో, వేర్‌హామ్ ఊరి దగ్గరి పచ్చిక బయల్లో ఒక యుద్ధ విమానం దిగింది. కాస్త దూరం జారి, ముక్కు నేలలో గుచ్చుకుని, తోక పైకెత్తి నిలువునా ఆగిపోయింది. నడిపిన సార్జెంట్ డెనిస్ రాబిన్సన్ ప్రాణాలతో బయటపడ్డాడు. తలకిందులుగా నిలబడ్డ ఆ స్పిట్‌ఫైర్ ఫొటో బ్రిటన్ యుద్ధం మీద వచ్చిన పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అది 152వ స్క్వాడ్రన్ విమానం. ఆ దళం చరిత్రలో నిలిచిన పూర్తి పేరు నంబర్ 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్, రాయల్ ఎయిర్ ఫోర్స్.

సదాశివనగర్ ఇవాళ కామారెడ్డి జిల్లాలో ఒక మండల కేంద్రం. 44వ జాతీయ రహదారి మీద కామారెడ్డి దాటి నిజామాబాద్ వైపు పోతుంటే వస్తుంది. 1940లో ఈ ప్రాంతమంతా హైదరాబాద్ సంస్థానంలోని నిజామాబాద్ జిల్లా. డోర్సెట్‌లో పడ్డ విమానానికీ ఈ మెట్ట భూములకూ ఉన్న చుట్టరికం పైసలది. మన పల్లెల్లో పుట్టిన పైసలు హైదరాబాద్ ఖజానా చేరి, అక్కడి నుంచి లండన్ వెళ్లి, అక్కడ రెక్కలు కట్టుకున్నాయి.

ఆ స్క్వాడ్రన్ చిహ్నం చూస్తే ఎవరిని గౌరవించారో తెలుస్తుంది. అందులో ఉన్నది నిజాం తలపాగా. కింద ఉన్న నినాదానికి అర్థం 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు'. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి మెచ్చి, 1918లో బ్రిటిష్ ప్రభుత్వం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇచ్చిన బిరుదు అదే.  

కథ మొదలైంది 1918లో

హైదరాబాద్ పేరుతో ఎగిరిన మొదటి విమానాలు స్పిట్‌ఫైర్లు కావు. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో నిజాం ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా డీహెచ్ 9ఏ బాంబర్లు బహూకరించాడు. వాటితో 110వ స్క్వాడ్రన్ 1918 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లో దిగి, జర్మనీ పట్టణాల మీద పగటి దాడులు చేసింది. ఆ దాడులు మొదలై యుద్ధం ముగిసే నాటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆ కొద్ది రోజుల్లోనే శత్రువుల చేతిలో 17 విమానాలు పోయాయి. ప్రతి విమానం మీదా అది నిజాం కానుక అని, హైదరాబాద్ నంబర్ ఫలానా అని రాసి ఉండేది.

వాటిలో ఒకటి ఇప్పటికీ ఉంది. ఎఫ్1010 అనే ఆ విమానం మీద 'హైదరాబాద్ నంబర్ 12ఏ' అని రాశారు. 1918 అక్టోబర్ 5న దాడికి వెళ్లి జర్మన్ల చేతికి చిక్కింది. అందులోని ఇద్దరూ యుద్ధఖైదీలయ్యారు. విమానాన్ని జర్మన్లు బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే తూర్పుకు తరలించారు. యుద్ధం తర్వాత అది పోలండ్‌కు దక్కి, క్రాకోవ్ మ్యూజియంలో ఉండిపోయింది. 1977లో బ్రిటన్ దాన్ని తిరిగి తెచ్చుకుంది. బదులుగా పోలండ్‌కు ఏమిచ్చిందో తెలుసా? ఒక స్పిట్‌ఫైర్! హైదరాబాద్ విమానాన్ని వెనక్కి తీసుకోవడానికి తమ దేశపు గర్వకారణాన్ని ఇచ్చేశారు. ఇన్ని చేతులు మారి, రెండు యుద్ధాలు దాటి బతికి వచ్చిన ఈ విమానం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేజీ అయినా ఉండాల్సింది.

110వ స్క్వాడ్రన్ రెండో యుద్ధంలోనూ ముందే నిలబడింది. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ యుద్ధనౌకల మీద విల్హెల్మ్స్‌హావెన్ దగ్గర జరిగిన తొలి బాంబు దాడికి నాయకత్వం వహించినవాడు ఆ దళానికి చెందిన కెన్నెత్ డోరన్. అప్పుడు వాళ్లు నడిపినవి బ్లెన్‌హీమ్ బాంబర్లు.

ఒక రివెట్టుకు ఆరణాలు

1940 మేలో బ్రిటన్‌లో విమానాల తయారీకే ఒక మంత్రిత్వశాఖ ఏర్పడింది. మంత్రి లార్డ్ బీవర్‌బ్రూక్ పత్రికాధిపతి. జనం నాడి తెలిసినవాడు. స్పిట్‌ఫైర్‌కు 5,000 పౌండ్లని ఒక గుండుగుత్త ధర చెప్పాడు. నిజానికి తయారీకి అంతకంటే చాలా ఎక్కువే అయ్యేది. అయినా ఆ అంకె జనం నోళ్లలో నిలిచింది. విడిభాగాలకూ ధరల పట్టిక వేశారు. ఒక రెక్క 2,000 పౌండ్లు, ఒక రివెట్టు ఆరు పెన్నీలు. బడిపిల్లలు, ఫ్యాక్టరీ కార్మికులు, వలస దేశాల సంస్థానాధీశులు అందరూ చందాలిచ్చారు. ఒక విమానానికి సరిపడా ఇస్తే దాతలు చెప్పిన పేరు ఆ విమానం మీద రాసేవారు. స్క్వాడ్రన్‌కు సరిపడా ఇస్తే స్క్వాడ్రన్‌కే ఆ పేరు.

ఈ లెక్కను మన రూపాయిల్లోకి మార్చి చూద్దాం. అప్పటి మారకం ప్రకారం రూపాయికి 18 పెన్నీలు. 5,000 పౌండ్లంటే సుమారు 66,667 రూపాయలు. అవి బ్రిటిష్ ఇండియా రూపాయలు, మన పెద్దలు కల్దార్ అన్నవి. సంస్థానంలో చెల్లింది హాలీ సిక్కా. ఆరు కల్దార్‌కు ఏడు హాలీ. అంటే ఒక స్పిట్‌ఫైర్ ధర సుమారు 77,800 హాలీ సిక్కా రూపాయలు. ఒక రివెట్టు ఖరీదు ఆరణాల పైచిలుకు.

ఈ ఆరణాలు ఎక్కడివి? సంస్థానానికి ప్రధానమైన రాబడి భూమిశిస్తు. ఆ తర్వాత ఆబ్కారీ, అంటే కల్లు, సారా మీద పన్ను. సరుకు సంస్థానం ఎల్లలు దాటితే వసూలు చేసే కరోడ్‌గిరి. 1930లో రైల్వేను సర్కారు సొంతం చేసుకున్నాక రైలు రాబడి కూడా తోడైంది. కామారెడ్డి స్టేషన్లో టికెట్టు కొన్నవాడు, ఈత కల్లు తాగినవాడు, బెల్లం బండి కట్టినవాడు, ఎకరానికింత అని శిస్తు కట్టినవాడు, అందరూ ఆ ఖజానాకు తలా ఇంత పోశారు. పంట పండినా ఎండినా పట్వారీ లెక్క రాస్తాడు, పటేలు దస్తు వసూలు చేస్తాడు, అది తహసీలు కచేరీకి చేరుతుంది. రసీదు మీద విమానం బొమ్మ ఉండదు.

'అది నిజాం సొంత సొమ్ము, ప్రపంచంలోకెల్లా ధనవంతుడు, ఇష్టమై ఇచ్చాడు' అనేవాళ్లు ఉన్నారు. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ఆయనను ముఖచిత్రంగా వేసిన మాట నిజం. కానీ నిజాం సొంత ఆస్తి అంటే ఏమిటి? సర్ఫ్-ఎ-ఖాస్ అనే పేరుతో ఆయనకు సొంతంగా ఊళ్లుండేవి. ఆ ఊళ్ల శిస్తు దివానీ ఖజానాకు పోకుండా నేరుగా ఆయనకు పోయేది. డబ్బు ఏ పెట్టెలోంచి తీసినా అది ఏదో ఒక ఊరి చేనులోంచి వచ్చినదే. జాగీర్లదీ అదే దారి.

నిజాం ఉదారుడని పొగిడేవాళ్లు ఈ కానుకలను చూపిస్తారు. తెల్లవాళ్లకు ఊడిగం చేశాడని తిట్టేవాళ్లూ ఇవే కానుకలను చూపిస్తారు. ఈ రెండు మాటల్లోనూ రైతు లేడు. నా పట్టింపు అక్కడే. ఆ డబ్బు చెడ్డ పనికి పోయిందని నేను అనను. హిట్లర్‌ను ఆపిన చోటికే పోయింది. అడగకుండా పోయింది, అంతే. సంస్థానంలో రైతు మాట వినే చట్టసభ లేదు. స్టేట్ కాంగ్రెస్‌ను 1938లోనే నిషేధించారు. ఆంధ్ర మహాసభ 1937లో తన ఆరో సమావేశాన్ని నిజామాబాద్‌లోనే, మందుముల నరసింగరావు అధ్యక్షతన జరుపుకుంది. జనం బాధలు నలుగురిలో చెప్పుకోవడానికి తెలుగువాళ్లకు ఉన్న వేదిక అదొక్కటే.

ఇదే ఖజానా నిజాంసాగర్ కట్టించింది, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టించింది. అది చెప్పకపోతే అన్యాయం. 1931 నాటికి మంజీర మీద ఆ ప్రాజెక్టు పూర్తయి బాన్సువాడ, బోధన్ వైపు నీళ్లు పారాయి. కామారెడ్డి మెట్ట ప్రాంతం మాత్రం చెరువుల మీద, బావుల మీద బతికింది. శిస్తు రెండు చోట్లా కట్టారు.

కోస్తా తెలుగువాళ్లకూ ఇలాంటి దళం ఒకటి ఉండేది. అప్పుడు వాళ్ల జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 234వ స్క్వాడ్రన్‌ను మద్రాస్ ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్ అన్నారు. బ్రిటన్ యుద్ధంలో అది కూడా స్పిట్‌ఫైర్ దళమే.

పోర్ట్‌లాండ్ మీద పదిహేను సెకన్లు

152వ స్క్వాడ్రన్ 1939 అక్టోబర్ 1న యాక్లింగ్టన్‌లో మళ్లీ ఏర్పడింది. మొదట గ్లాడియేటర్ అనే రెండంచెల రెక్కల విమానాలిచ్చారు. 1940 జనవరి నుంచి స్పిట్‌ఫైర్లు వచ్చాయి. జూలై 12న దళం డోర్సెట్‌లోని వార్మ్‌వెల్‌కు మారింది. దగ్గర్లోనే పోర్ట్‌లాండ్ నౌకాస్థావరం. ఫ్రాన్స్ అప్పటికే జర్మన్ల చేతిలో ఉంది. ఇంగ్లిష్ చానల్ దాటితే చాలు, బాంబర్లు వచ్చేస్తాయి.

స్పిట్‌ఫైర్ రూపకర్త ఆర్.జె. మిచెల్. మొదటి విమానం 1936 మార్చి 5న ఎగిరింది. మరుసటి ఏడాదే మిచెల్ కాన్సర్‌తో చనిపోయాడు. తను గీసిన విమానం దేశాన్ని కాపాడిన రోజులు ఆయన చూడలేదు. పలుచటి దీర్ఘవృత్తాకారపు రెక్కలు, ముక్కులో రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజను, రెక్కల్లో ఎనిమిది బ్రౌనింగ్ మర తుపాకులు, గంటకు 570 కిలోమీటర్లకు పైగా వేగం. ఒక్కో తుపాకికి 300 గుళ్లు. నొక్కిపట్టి కాలిస్తే దాదాపు పదిహేను సెకన్లలో అన్నీ అయిపోతాయి. అందుకే పైలట్లు రెండు, మూడు సెకన్ల చొప్పున పొదుపుగా కాల్చేవారు. టాంకులో పట్టే పెట్రోలు 85 గ్యాలన్లు. తీరం వెంట ఉన్న రాడార్ శత్రువును దూరంగా ఉండగానే పసిగట్టి కబురు చేసేది. ఆ కబురే లేకపోతే గాల్లో ఊరికే తిరుగుతూ పెట్రోలు ఖర్చు చేయాల్సి వచ్చేది.

ఇంజనుకు ఒక లోపం కూడా ఉండేది. విమానం ఉన్నట్టుండి ముక్కు దించి డైవ్ చేస్తే కార్బురేటర్‌లో పెట్రోలు పైకెగిరి ఇంజను ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేది. జర్మన్ మెస్సర్‌ష్మిట్‌కు పెట్రోలు నేరుగా చిమ్మే పద్ధతి ఉండటంతో ఆ ఇబ్బంది లేదు. బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు చిన్న లోహపు బిళ్లతో దీనికి ఉపాయం చేసింది. అది వచ్చింది 1941లో. బ్రిటన్ యుద్ధంలో పోరాడిన కుర్రాళ్లు ఆ లోపంతోనే పోరాడారు.

వార్మ్‌వెల్ చేరిన వారం రోజులకే తొలి నష్టం. జూలై 20న దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన పైలట్ ఆఫీసర్ పోజెనర్ సముద్రం మీద జరిగిన పోరులో చనిపోయాడు. దళం నాయకుడు స్క్వాడ్రన్ లీడర్ పీటర్ డెవిట్. ఆగస్టు 25న వార్మ్‌వెల్ మీదే బాంబులు పడ్డాయి. సెప్టెంబర్ 25న బ్రిస్టల్ దగ్గరి ఫిల్టన్ విమాన ఫ్యాక్టరీ మీదికి వచ్చిన బాంబర్లను ఎదుర్కొంటూ ఆస్ట్రేలియా కుర్రాడు సార్జెంట్ కెన్నెత్ హాలండ్ నేలకూలాడు. దళంలో పేరు తెచ్చుకున్న ఎరిక్ మార్స్ ఆ యుద్ధం దాటి బతికాడు కానీ, 1941 జూలైలో బ్రెస్ట్ మీద దాడిలో పోయాడు. వీళ్లంతా ఇరవైల్లో ఉన్నవాళ్లు. ఆ కుర్రాళ్ల విమానాల ఖర్చులో తమ ఊరి వంతు ఉందని కామారెడ్డి తాలూకాలో ఎందరికి తెలిసి ఉంటుంది?

రెండో దళం 253వ (హైదరాబాద్ స్టేట్) స్క్వాడ్రన్. దానివి హరికేన్లు. 1940 ఆగస్టు చివర్లో లండన్‌కు దక్షిణాన ఉన్న కెన్లీకి వచ్చింది. అది జర్మన్లు ఫైటర్ స్థావరాలను పగలగొట్టాలని పట్టుబట్టి వస్తున్న వారం. ఆగస్టు 31న దాని నాయకుడు హెరాల్డ్ స్టార్ చనిపోయాడు. అదే రోజు మధ్యాహ్నం అంతకుముందు నాయకుడిగా ఉన్న టామ్ గ్లీవ్ విమానానికి నిప్పంటుకుంది. పారాచూట్‌తో దూకినా ఒళ్లంతా కాలిపోయింది. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్చిబాల్డ్ మెకిండో ముఖానికి కొత్త ముక్కు అమర్చాడు. ప్లాస్టిక్ సర్జరీ అప్పటికి నేర్చుకుంటున్న విద్య. మెకిండో చేతిలో బాగుపడ్డ వైమానికులు 1941లో 'గినీ పిగ్ క్లబ్' పెట్టుకున్నారు. గ్లీవ్ దానికి పెద్దదిక్కు. కాలిన గాయాల వైద్యం ఇవాళ ఈ స్థాయికి రావడానికి దారి వేసిన వాళ్లలో హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్ పైలట్ కూడా ఉన్నాడు.

నల్ల చిరుతలు మనవైపు వచ్చాయి

స్క్వాడ్రన్ పేరు మారలేదు కానీ విమానాలు మారుతూనే ఉన్నాయి. కూలినవాటి చోట కొత్తవి, పాత రకం చోట మెరుగైన రకం. 1942 నవంబర్‌లో 152, 253 రెండూ ఉత్తర ఆఫ్రికాకు వెళ్లాయి. 253 ఆ తర్వాత స్పిట్‌ఫైర్లు అందుకుని, ఇటలీ చేరి, యుగోస్లావియాలో టిటో గెరిల్లాలకు అండగా ఎగిరింది. 152 మాల్టా, సిసిలీ, ఇటలీ తిరిగి 1943 చివర్లో ఇండియా వచ్చింది.

కలకత్తా దగ్గర బైగాచిలో దిగిన దళానికి స్పిట్‌ఫైర్ 8వ రకం ఇచ్చారు. వాటి పక్కన దూకుతున్న నల్ల చిరుతను గీసుకున్నారు. ఇంఫాల్ మైదానం రన్‌వేల నుంచి, తర్వాత బర్మా లోపలికి జరుగుతూ జపాన్ సైన్యంతో తలపడ్డారు. హైదరాబాద్ పేరున్న స్పిట్‌ఫైర్లు హైదరాబాద్‌కు ఇంత దగ్గరికి రావడం అదే మొదటిసారి.

అంతకు రెండేళ్ల ముందు జరిగిన ఒక సంగతి నన్ను బాగా కలచివేస్తుంది. 1941 డిసెంబర్ 8న అర్ధరాత్రి దాటాక జపాన్ సేన మలయాలోని కోట బారు తీరంలో దిగింది. అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది 1వ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ, నిజాం సొంత సైన్యం నుంచి పంపిన పటాలం. ఆ రోజు సాయంత్రానికే విమానాశ్రయం వదిలేయాల్సి వచ్చింది. కమాండర్ హెండ్రిక్స్ ఆ గందరగోళంలో చనిపోయాడు. మలయా మొత్తంలో అప్పటికి ఒక్క స్పిట్‌ఫైర్ లేదు. సంస్థానం పైసలతో పేరు తెచ్చుకున్న స్పిట్‌ఫైర్లు ఇంగ్లండ్‌లో ఉన్నాయి. సంస్థానం సిపాయిలు నెత్తిమీద ఆకాశం కాచే స్పిట్‌ఫైర్ లేకుండా మలయా ఇసుకలో ఉన్నారు. సామ్రాజ్యం తన బలగాన్ని ఎవరి కోసం ఎక్కడ మోహరించిందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

యుద్ధకాలంలోనే బేగంపేటలో వైమానిక శిక్షణ కేంద్రం నడిచింది. టైగర్ మాత్ అనే రెండు సీట్ల విమానాల మీద కుర్రాళ్లు ఓనమాలు దిద్దుకున్నారు. పల్లెలకు మాత్రం యుద్ధం విమానాల రూపంలో రాలేదు. బట్ట, కిరసనాయిలు కరువు రూపంలో, కల్లంలోనే కొలిచి తీసుకుపోయే ధాన్యం లెవీ రూపంలో వచ్చింది. ఆ లెవీ, వెట్టి, భూస్వాముల దౌర్జన్యం కలిసి 1946 నాటికి నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో సాయుధ పోరాటానికి దారితీశాయి.

1948: అదే జాతి విమానాలు, మరో జెండా

1946లో 152వ స్క్వాడ్రన్ మళ్లీ ఏర్పడి, రిసాల్‌పూర్‌లో టెంపెస్ట్ ఫైటర్లు నడిపింది. 1947 జనవరిలో రద్దయింది. టెంపెస్టులు భారత వైమానిక దళానికి చేరాయి. 1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీసు చర్యలో సంస్థానం మీద ఎగిరి విమానాశ్రయాల మీద దాడి చేసినవి టెంపెస్టులే. అంతకుముందు కొన్ని నెలలుగా ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాంకు దొంగచాటుగా ఆయుధాలు దించాడు. స్పిట్‌ఫైర్‌కు కెమెరాలు బిగించి శత్రు భూభాగాన్ని ఫొటో తీసే విద్యకు ఆద్యుడు ఈ కాటనే. సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. విశ్వాసపాత్రుడైన మిత్రుడి కోసం బ్రిటన్ వేలు కూడా కదపలేదు.

152వ స్క్వాడ్రన్ ఆ తర్వాత కూడా ఉంది. 1950లలో మీటియర్ జెట్లతో, ఆపైన బహ్రెయిన్‌లో రవాణా విమానాలతో 1967 దాకా నడిచింది. సంస్థానం కనుమరుగై పందొమ్మిదేళ్లు గడిచినా చిహ్నం మీద తలపాగా అలాగే ఉంది.

లండన్ శివార్లలోని క్యూలో బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఈ స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డులు ఉన్నాయి. ఏ పైలట్ ఏ నిమిషానికి లేచాడో, ఏ నిమిషానికి దిగాడో, ఎవరు తిరిగి రాలేదో అన్నీ రాసి ఉంటాయి. బ్రిటిష్ వాళ్లు వాటిని వరుసలు వరుసలుగా చదివి పుస్తకాలు రాశారు. మన వైపు లెక్క తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం సర్కారు ఫైళ్ల మధ్య వెతకాలి. భాష ఉర్దూ, తేదీలు ఫసలీ. 1940కి 1349, 1350 ఫసలీ కట్టలు తీయాలి. నిజామాబాద్ జిల్లా శిస్తు ఎంత, ఆబ్కారీ ఎంత, యుద్ధం పద్దు కింద ఖజానా నుంచి ఎంత వెళ్లింది అనే మూడు అంకెలు పక్కపక్కన పెడితే చాలు, సదాశివనగర్ వైపు ఊళ్ల వాటా లెక్క కట్టవచ్చు. ఉర్దూ చదివే ఉపాధ్యాయులు కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడల్లో ఇంకా ఉన్నారు. డిగ్రీ విద్యార్థులను వెంటబెట్టుకుని వాళ్లు ఈ పని మొదలుపెట్టాలి. ఆ ఉర్దూ చేతిరాత చదవగల పెద్దవాళ్లు మన మధ్య ఉండగానే మొదలుపెట్టాలి.